నీటిలో సుడి ఎట్లు పుట్టును?

భాద్రపద, ఆశ్వయుజ మాసములలో చెరువు నిండి అలుగు పారుచున్నపుడు కట్టమీద నిలిచి చూచిన రైతుకు తూము పైభాగమున నీరు గిరగిర తిరుగుచు కనిపించును. ఆకులు, పుల్లలు, నురుగు దానిచుట్టు తిరిగి తిరిగి చివరకు నడిమి గుంటలోనికి పోవును. తూము తెరచియున్నది కనుక అక్కడ సుడి ఉండుట సహజమే. దానిని చూచి ఎవ్వరును కంగారుపడరు. కాని అట్టి సుడియే తూమునకు యాభై గజముల దూరమున, కట్ట వారన, నిన్నటివరకు నీరు నిశ్చలముగా నున్న చోట కనిపించినచో అది వేరు సంగతి. కట్టలో బుంగ పడినదనుటకు అది గుర్తు కావచ్చును. రెండు చోట్లను నీరు తిరుగు పద్ధతి ఒక్కటే. ఆ పద్ధతి తెలిసిన రైతు ఏ సుడిని చూచి ఊరకుండవచ్చునో, ఏ సుడిని చూచి ఊరిని లేపవలెనో తానే నిర్ణయించుకొనగలడు.

సుడి పుట్టుటకు రెండు విషయములు కావలెను. మొదటిది, నీటిలో ఎంతో కొంత తిరుగుడు ముందుగానే ఉండవలెను. రెండవది, ఆ తిరుగుచున్న నీరు ఒక కేంద్రమువైపు లాగబడవలెను. మొదటిది కంటికి కనిపించనంత స్వల్పముగా ఉన్నను చాలును. రెండవది దానిని పెంచి పెద్ద చేయును.

ఇది ఎట్లు జరుగునో ఇంటివద్ద పరీక్షించి చూడవచ్చును. జానెడు పొడవుగల బోలు వెదురుగొట్టము తీసికొని, దానిలోనుండి ఒక గట్టి దారము దూర్చి, పై కొనకు చిన్న రాయి గట్టిగా కట్టుడు. గొట్టమును నిలువుగా పట్టుకొని రాతిని తలపై గిరగిర త్రిప్పుచు, క్రింది కొనను మెల్లగా లాగుడు. దారము పొట్టియైనకొలది రాయి వడిగా తిరుగును. మీరు అదనముగా త్రిప్పలేదు, కేవలము దగ్గరకు లాగితిరి. అయినను వేగము హెచ్చినది. చెరువులోని నీటికిని ఇదే నియమము వర్తించును. తూమువైపు లాగబడుచున్న నీరు కేంద్రమునకు ఎంత దగ్గరయైన అంత వడిగా తిరుగును. దూరము సగమైన, వేగము రెట్టింపగును.

లెక్క వేసి చూతము. తూము కన్నమునకు పది అడుగుల దూరమున నీరు సెకనుకు అర అడుగు వేగముతో తిరుగుచున్నదనుకొనుడు. ఇది తెప్పమీది చీమకు కూడ తెలియని వేగము. అదే నీరు ఒక అడుగు దూరమునకు వచ్చునప్పటికి సెకనుకు ఐదు అడుగుల వేగము పొందును. అర అడుగు దూరమున పది అడుగులు. వేగము హెచ్చినకొలది నీటిమట్టము క్రుంగును. పై లెక్క ప్రకారము అడుగు దూరమున మట్టము సుమారు 5 అంగుళములును, అర అడుగు దూరమున సుమారు ఒకటిన్నర అడుగును దిగిపోవును. మజ్జిగ చిలుకునపుడు కవ్వము చుట్టు గుంట పడుట అందరికిని తెలిసినదే. అక్కడ త్రిప్పునది చేయి. చెరువులో అట్టి చేయి ఏదియు లేదు. దూరముననున్న కొద్దిపాటి తిరుగుడే దగ్గరకు వచ్చి ఇంత పని చేయును. నీరు తక్కువ లోతున ఉన్నచో ఈ గుంట క్రిందికి దిగి దిగి, తుదకు కన్నమువరకు ఒక గాలి గొట్టముగా మారును. అప్పుడు తూము గురక పెట్టినట్లు శబ్దము చేయును.

ఆ మొదటి కొద్దిపాటి తిరుగుడు ఎక్కడిది? కాలువ ఒక ప్రక్కనుండి వచ్చి చేరుట, ఒడ్డు ఒక వైపు దగ్గరగాను మరియొక వైపు దూరముగాను ఉండుట, గాలి తోలుట, గేదె ఈదుట – ఏదైనను చాలును. భూమి తన చుట్టు తాను తిరుగుటవలన మన దేశమున సుడులన్నియు ఎడమవైపునకే తిరుగునని కొందరు చదువుకొన్నవారు కూడ చెప్పుచుందురు. ఇది పొరపాటు. 1962లో అమెరికాలో షపీరో అను ఆచార్యుడు 6 అడుగుల వెడల్పుగల గుండ్రని తొట్టిలో 6 అంగుళముల నీరు పోసి, ఇరువదినాలుగు గంటలు కదలకుండ నిలువ ఉంచి, ఆ తరువాత అడుగున చిన్న రంధ్రము తెరచి చూచెను. అంత జాగ్రత్త తీసికొన్నపుడు మాత్రమే భూభ్రమణ ప్రభావము బయటపడినది. మన చెరువునకు అంత ఓపిక లేదు. వందల మైళ్ల వెడల్పున లేచు బంగాళాఖాతపు తుఫానులకు మాత్రము భూభ్రమణమే దిక్కు చూపును. అవి ఎల్లప్పుడును గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. తూముపై సుడి ఎటు తిరిగినను దానికి శుభాశుభములు లేవు.

ఇంతవరకు చెప్పినది కన్నముపై పుట్టు సుడి. ఏరులోను, కాలువలోను కనిపించు సుడులలో పెక్కు వేరొక విధముగా పుట్టును. జోడెడ్లలో ఒకటి వడిగాను, రెండవది మెల్లగాను నడచినచో ఏమగును? కాడి తిరిగిపోవును, సాలు వంకరపోవును. నీటిలోను అంతే. వడిగా పోవు పాయ ప్రక్కన మెల్లగా పోవు నీరు, లేక నిలిచిన నీరు ఉన్నచో, రెండింటి నడిమి నీరు తిరుగుడు పడును. వరుసగా చిన్న చిన్న సుడులు పుట్టి, ఒకదానిలో నొకటి కలిసి పెద్దవై, ప్రవాహముతో కొంత దూరము పోయి అణగిపోవును. గట్టు ముందుకు పొడుచుకొని వచ్చిన చోట, రాతిగుండు వెనుక, వంతెన కానా దిగువన ఇట్టివి చూడవచ్చును. కానాకు అటొకటి ఇటొకటి వంతులవారీగా సుడులు విడివడును. ఈ వరుసకు లెక్క కట్టి 1911లో వివరించినవాడు కార్మన్ అను శాస్త్రజ్ఞుడు. అడుగు మందపు గుంజను సెకనుకు ఐదు అడుగుల వడిగల నీటిలో పాతినచో సెకనుకు ఇంచుమించు ఒక జత సుడులు దానినుండి విడివడును. నీటిలో పాతిన గడ ఊరక వణకుచుండుటకు ఇదియే కారణము.

కానా ముందు మరొక సుడి ఉన్నది. అది పైకి కనిపించదు. ప్రవాహము కానాకు కొట్టుకొని క్రిందికి దిగి, అడుగున చుట్టగా చుట్టుకొని, ఎద్దుకాలి నాడా ఆకారమున కానా రెండు ప్రక్కలనుండి సాగిపోవును. ఇసుకను త్రవ్వునది ఇదే. మీ పిల్లకాలువలో ఒక గుంజ పాతి మరునాడు నీరు కట్టి చూడుడు; గుంజ ముందుభాగమున గుంట కనిపించును. వరదలో పెద్ద వంతెనల పునాదులకు వచ్చు ప్రమాదము ఇదియే, కొలతలో మాత్రమే తేడా.

ఇక రైతు జేబునకు సంబంధించిన సుడిని గూర్చి చెప్పెదము. కాలువనుండిగాని, నీటికుంటనుండిగాని పంపుతో తోడుకొను రైతులలో పలువురు పడు బాధ యిది: పంపు మొదట బాగుగా పోయును, గంట గడచిన పిమ్మట నీరు తగ్గును, పంపులో గరగర శబ్దము వచ్చును, తుదకు ప్రైమింగు పోయి నీరు నిలిచిపోవును. రైతు గ్లాండు తాడు మార్పించును, వాషర్లు మార్పించును, మెకానిక్కును పిలిపించి మోటారు విప్పించును. లోపము వానిలో ఉండకపోవచ్చును. కుంటలో మట్టము తగ్గి, ఫుట్ వాల్వుపై సుడి పడి, ఆ సుడి నడిమి గుంటగుండా పైపులోనికి గాలి పోవుచుండవచ్చును. నీటిలో నూటికి మూడు, నాలుగు పాళ్లు గాలి కలిసినను సామాన్యపు పంపు పని బాగుగా దెబ్బతినును. కనుక డబ్బు ఖర్చు పెట్టుటకు ముందు ఒక పర్యాయము పైపువద్ద నీటిని తిన్నగా చూడవలెను. గుప్పెడు ఊక చల్లినచో సుడి ఉన్నది లేనిది నిమిషములో తెలియును.

నివారణ కష్టము కాదు. నాలుగు అంగుళముల సక్షన్ పైపునకు ఫుట్ వాల్వుపై ఎల్లప్పుడును రెండు అడుగులకు తగ్గకుండ నీరుండునట్లు చూడవలెను. పైపు పెద్దదైనను, నీరు వడిగా లాగినను ఇంకను ఎక్కువ కావలెను. వాల్వు అడుగు బురదకు ఆనకుండ అడుగు ఎత్తున ఉండవలెను. వేసవిలో అంత లోతు దొరకనిచో రెండు పలకలు గాని, నాలుగు అరటిబోదెలు గాని తెప్పగా కట్టి పైపుచుట్టు నీటిపై తేలవిడువవలెను. పైనున్న నీరు తిరుగకుండ తెప్ప అడ్డుపడును. గాలి గుంట ఏర్పడదు. కుంటలోనికి నీరు ఒక మూలనుండి ఏటవాలుగా వచ్చి పడుచున్నచో అదే కుంటనంతయు త్రిప్పును. అట్టి చోట నీటిని తిన్నగా, పైనుండి దూకకుండ తెచ్చుకొనవలెను. బోరులో దింపిన సబ్‌మెర్సిబుల్ పంపులకు ఈ సుడి బాధ సామాన్యముగా లేదు. వాని కష్టములు వేరు.

కాలువలపై డ్రాపుల వద్ద నీరు ఎత్తునుండి దూకి, అడుగున నిలువుగా దొర్లును. చక్రము పడుకొన్నట్లు కాక, బండిచక్రము నిలిచి తిరిగినట్లుండును. కొబ్బరిబోండము అందులో పడినచో దిగువకు పోదు. మునుగును, తేలును, మరల డ్రాపువైపే లాగబడి మరల మునుగును. గంటల తరబడి అక్కడే ఉండును. మనిషి పడినను అంతే. పైకి చూచిన రెండడుగుల నురుగు. అందుచేత పిల్లలు అక్కడనే ఈతకు దిగుదురు. పడిన వానిని రక్షింప దూకినవాడును అందులోనే చిక్కుకొనుట జరుగుచున్నది. తాడు, గడ, గాలి నింపిన ట్యూబు గట్టునుండి విసరవలెను గాని దిగరాదు. డ్రాపు రెక్కగోడలు ముగిసిన చోట మరియొక జత సుడులు గట్టును కొరుకుచుండును. ఏటేట జానెడు జానెడు పోవు ఆ మట్టి గట్టునానుకొన్న పొలము వానిదే. కాలువ కట్టినపుడు ఆ చోట రాతిపరుపు వేయించుకొనుటకు నీటిపారుదల శాఖవారికి ముందే తెలియజేయవలెను. నీరు వదలిన తరువాత చెప్పి లాభము లేదు.

నదీతీరపు రైతులకు, ముఖ్యముగా గోదావరి లంక రైతులకు, తెలియవలసిన తిరుగుడు ఇంకొకటి గలదు. నది వంపు తిరుగునపుడు పైనీరు వడిగా ఉండుటచే బయటి ఒడ్డువైపు త్రోయబడును. అడుగునీరు నేలకు రాచుకొని మెల్లగా ఉండుటచే లోపలి ఒడ్డువైపు జరుగును. అనగా నది ముందుకు పోవుచునే త్రాడు పేనినట్లు మెలిదిరుగును. బయటి ఒడ్డున దిగిన నీరు గట్టు మొదలు తొలిచి, ఆ మట్టిని అడుగుగుండా లోపలివైపునకు చేరవేయును. అందుచేత ఒక ఒడ్డున లంక పోవును, ఎదుటి ఒడ్డున మేట వేయును. జేమ్స్ థామ్సన్ అను ఇంజనీరు 1876లోనే దీనిని వివరించెను. 1926లో ఐన్‌స్టీన్ మహాశయుడు తేనీటి గిన్నెలో చెంచాతో త్రిప్పినపుడు ఆకులు నడుమ పోగగుటయు, నదులు వంకరలు పోవుటయు ఒకే కారణమువలననే అని వ్రాసెను. అంతటి మేధావి గిన్నెలోని తేయాకును చూచి ఆలోచించినాడనుట మనము కొంచెము గుర్తుంచుకొనదగినది.

ఒడ్డు కోత ఆపుటకు నదిలోనికి అడ్డుగా గ్రోయిన్లు కట్టుదురు. గ్రోయిను వెనుక నీరు మందముగా తిరుగుచు ఒండ్రు దింపును; అది మేలు. కాని గ్రోయిను కొనవద్ద బలమైన సుడి పుట్టి అడుగు త్రవ్వును. అందుచేతనే ఇంజనీర్లు వానిని ఒంటిగా కాక వరుసగా, కొనలకు బరువైన రాయి వేసి కట్టుదురు. ఒక్క రైతు తన పొలము వారన నాలుగు లారీల రాయి పోయించుట వలన తనకు గుంటయు, దిగువ పొలము వానికి కోతయు ఏర్పడుటే తరచు జరుగును. ఈ పని ఊరందరు కలిసి, సాంకేతిక సలహాతో చేయవలసినది.

సముద్రపు పోటుపాటులవలన కూడ గొప్ప సుడులు పుట్టుచున్నవి. నార్వే దేశములో సాల్ట్‌స్ట్రామెన్ అను ఇరుకు జలసంధిలో సుమారు 150 మీటర్ల వెడల్పుగుండా ప్రతి ఆరు గంటలకు సుమారు 40 కోట్ల ఘనపు మీటర్ల నీరు ఇటునుండి అటు పోవును. జపానులో నరుటో జలసంధియందు సుడులు 20 మీటర్ల వరకు వెడల్పగునని ప్రసిద్ధి. వెడల్పు నీరు ఇరుకులో దూరుట, అడుగున ఎగుడుదిగుడు రాయి ఉండుట, ప్రక్కన నిలుకడ నీరు ఉండుట, ఈ మూడును అక్కడ కలిసియున్నవి.

మన గోదావరికి పాపికొండల నడుమ సరిగా ఈ మూడే కలియును. మైదానమున మైళ్ల వెడల్పున పారు నది అక్కడ రెండు కొండల మధ్య ఇరుకగును, లోతగును, మలుపులు తిరుగును. వరద వచ్చినపుడు నడిమి నీరు బాణమువలె పోవును. కొండ మూలలందు నీరు వెనుకకు తిరుగును. రెండింటి హద్దున సుడులు పుట్టి, చెదరి, మరల పుట్టుచుండును. 2019 సెప్టెంబరు 15వ తేదీన అట్టి వరదలో కచ్చులూరు వద్ద విహారపు పడవ తలక్రిందులై అనేకులు ప్రాణములు కోల్పోయిరి. పడవను బయటకు తీయుటకు అక్టోబరు 22వ తేదీవరకు పట్టినది. పెద్ద పడవను సుడి గుటుక్కున మ్రింగునని జనులు అనుకొందురు. సామాన్యముగా జరుగునది అది కాదు. ముందుభాగము వడి నీటిలోను వెనుకభాగము ఎదురు నీటిలోను పడినపుడు పడవ అడ్డము తిరుగును. సరంగు చుక్కాని పని చేయదు. పడవ ఒరిగినంతనే జనులు ఒక వైపునకు పరుగెత్తుదురు. మిగిలినది ఆ బరువే చేయును. వరద రోజులలో నదికి అవతలనున్న పొలములకు పడవపై పోవు రైతులు, కూలీలు తేలుడు చొక్కా లేక ఎక్కరాదు. పడవ ఒరిగినను లేచి నిలువరాదు. నీటిలో పడినవారు సుడికి ఎదురీది అలసిపోక, వెల్లకిల తేలుచు ప్రవాహముతోనే ప్రక్కకు జరుగ యత్నింపవలెను. నదిలోని సుడులు పెక్కు దిగువకు పోవుచు తామే చెదరిపోవును.

మరల చెరువుకట్టకు వత్తము. చిన్న కన్నము పెద్ద నీటిని ఏమి చేయగలదో చెప్పుటకు ఒక్క ఉదాహరణము చాలును. 1980 నవంబరు 20వ తేదీన అమెరికాలోని లూసియానా రాష్ట్రమున పెన్యూర్ అను చెరువులో చమురు కొరకు బోరు త్రవ్వుచుండగా, 14 అంగుళముల బరమా చెరువు అడుగుననున్న ఉప్పుగని కప్పును తూట్లు పొడిచినది. నీరు గనిలోనికి దిగినకొలది ఉప్పు కరగి కన్నము పెరిగినది, కన్నము పెరిగినకొలది నీరు మరింత దిగినది. కొన్ని గంటలలో పది అడుగుల లోతు చెరువు సుడిగుండమై బోరు గట్టును, పదకొండు పెద్ద బల్లకట్టు పడవలను, ఒడ్డున ఎకరముల కొలది భూమిని లోనికి లాగికొన్నది. చెరువునుండి సముద్రమునకు పోవు కాలువ వెనుకకు పారినది. గనిలోని పనివారు అందరును సకాలమున బయటపడిరి. ఒక్క మనిషియు చనిపోలేదు.

మన కట్టలు ఉప్పుతో కట్టినవి కావు, మట్టితో కట్టినవి. కాని నీటిలో కొట్టుకొనిపోవుటలో మట్టియు తక్కువది కాదు. ఎలుక, ఎండ్రకాయ బొరియలు, కట్టపై నరికిన చెట్ల కుళ్లిన వేళ్లు, వేసవి బీటలు, తూము గొట్టమునకును మట్టికిని నడిమి సందు – బుంగ పడు దారులివి. కట్ట వెలుపలి పాదమున ఊట వచ్చినంతనే భయపడనక్కరలేదు. గ్లాసులో పట్టి చూడవలెను. తేరుకొన్న నీరైన కనిపెట్టి చూచిన చాలును. బురదనీరైనచో కట్ట లోపలి మట్టి వచ్చుచున్నదన్నమాట. అదే సమయమున నీటివైపు కొత్త సుడి కనిపించెనా, ఇక గంటలే లెక్క.

అప్పుడు మొదట దిగువ ఇండ్లవారికి, నీటిపారుదల శాఖవారికి, రెవెన్యూవారికి కబురు పంపవలెను. తూములన్నియు తెరచి మట్టము తగ్గింపవలెను. వెలుపలినుండి కన్నములో మట్టి కూరి మూయరాదు. అట్లు మూసినచో లోపలి నీటి ఒత్తిడి కట్టలో నిలిచి మరొకచోట పొడుచుకొని వచ్చును. మూయవలసినది నీటివైపు: బరువు కట్టిన టార్పాలిన్ పట్టా, ఎండుగడ్డి మోపులు, వానిపై ఇసుకబస్తాలు గట్టునుండి జారవిడువవలెను. నీరు తానే వానిని కన్నమునకు అతికించును. సుడి దగ్గరకు మనిషి దిగరాదు, నడుమునకు తాడు కట్టుకొన్నను దిగరాదు. వెలుపలివైపు ఊట చుట్టు ఇసుకబస్తాలతో బావి ఒరవలె కట్టి, లోపల ముందు ఇసుకను, దానిపై గులకను, పైన కంకరను పోయవలెను. ఒరలో నీరు లేచినకొలది లోపలినుండి వచ్చు వడి తగ్గును. ఇసుక మట్టిని ఆపి నీటిని మాత్రము పోనిచ్చును.

సుడి స్పష్టముగా కనిపించక, బురదనీరు మాత్రము బయట వచ్చుచున్నపుడు నీటివైపు కన్నము ఎక్కడనో పోల్చుటకు ఊకకంటె మంచి సాధనము లేదు. గాలి లేని వేళ, తెల్లవారుజామున, కట్ట వెంబడి నడచుచు పిడికెడు పిడికెడుగా నీటిపై చల్లుకొనుచు పోవలెను. మామూలు చోట్ల ఊక చల్లినట్లే నిలుచును. కన్నము ఉన్నచోట అది మెల్లగా కదలి, గుమికూడి, తిరుగ నారంభించును. అక్కడ గట్టుపై ఒక గడ పాతి, తరువాత మనుష్యులను పిలువవలెను.